గాలికి నిలిచిన గ్రిల్లు

షాపులో ఉన్న ఒక్క స్టాండు ఫ్యానునూ, అప్పటికే అక్కడ కూర్చుని ఉన్న ఒక పెద్దాయన గ్రిల్లు వైపు తిప్పేశాడు.

అప్పటిదాకా దాని ముందు నిలబడిన కోటమ్మకు ఒళ్లు మండింది. మనుషులు ఉడికిపోతుంటే ఇనప సామానుకు గాలి కొట్టేవాణ్ని ఆమె ఎక్కడా చూడలేదు.

హోసూరులో హోటలు సామాన్లు అమ్మే షాపది. అచ్చెన్న, కోటమ్మ గ్యాస్ గ్రిల్లు కొనడానికి వచ్చారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఆరేళ్లు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద చేసిన అచ్చెన్నకు పోయిన నెల పని పోయింది. కోటమ్మ మసాలా పట్టించి కాల్చే కోడికి వాళ్ల లైను ఇళ్లలో మంచి పేరుంది. ఆ పేరును నమ్ముకుని, ఊరి చివర ఒక కంపెనీ గేటు ముందు సాయంత్రాలు బండి పెడదామనుకున్నారు.

చేతిలో ఉన్నది పద్దెనిమిది వేలు. గ్రిల్లు, సిలిండరు, బండి అన్నీ అందులోనే. ఇప్పుడు పొరపాటు పడితే ఇక ఊరికి రైలెక్కడమే.

షాపులో వాళ్లకు అందేవి రెండే. ఒకటి తళతళ మెరిసే స్టీలుది, నాలుగు బర్నర్లు. రెండోది నల్లగా, మొద్దుగా ఉంది. రెండే బర్నర్లు, ధర కూడా తక్కువ. కోటమ్మ మనసు స్టీలుదాని మీద పడింది. మెరిసే బండి దగ్గరికే కదా జనం వచ్చేది.

పెద్దాయన మాత్రం నల్లదాన్ని వదలడం లేదు. మూత ఎత్తి చూశాడు. బర్నరును గోటితో తట్టి చప్పుడు విన్నాడు. అడుగున వేలు పెట్టి రేకు మందం చూశాడు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కూడా అంత పరీక్ష చెయ్యరు. మధ్యమధ్య షాపు యజమాని జయప్రకాశ్‌తో తమిళంలో ఏదో అంటున్నాడు. అచ్చెన్న స్టీలుదాని మీద చెయ్యి వెయ్యగానే వద్దన్నట్టు తల ఊపాడు.

కోటమ్మ గొంతు తగ్గించుకోలేదు.

"ఈ ముసిలాయన షాపోడి మనిషేనండి. అమ్ముడుపోని సరుకు మన నెత్తిన రుద్దడానికి కూకోబెట్టారు."

తమిళనాడులో తెలుగు ఎవరికి తెలుస్తుందిలే అని ఆమె ధీమా. ఆరేళ్లూ తమవైపు వాళ్ల మధ్యే కాపురం చేసిన మనిషికి, హోసూరు చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో మాట్లాడేది తెలుగేనని తెలిసే దారి లేదు. అచ్చెన్న కూడా తన గోడంతా పైకే వెళ్లబోసుకున్నాడు. పని పోయిన సంగతి, ఇదే ఆఖరి డబ్బన్న సంగతి చెప్పుకున్నాడు. ఆ గేటు దగ్గర బొగ్గుల బండి ఒకటుందని స్నేహితుడు జితేంద్ర చెప్పాడని, గ్యాసు ముందు అది ఎన్నాళ్లో నిలవదని కూడా అన్నాడు.

పెద్దాయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"నేను షాపాయన మనిషిని కాదమ్మా" అన్నాడు తెలుగులో.

కోటమ్మకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆయన కోప్పడలేదు. జయప్రకాశ్ చేత రెండు గ్రిల్లులూ వెలిగింపించి, ఫ్యాను వేగం పెంచాడు. స్టీలుదానిలో రెండు బర్నర్లు అప్పుడే ఆరిపోయాయి. నల్లదాని మంట కాస్త వణికింది గానీ ఆరలేదు.

"అది ఇంట్లో పెట్టుకునేదానికి సరేనప్పా. గేటు ముందర అంతా బయలు, గాలి జాస్తి. ఆడికి ఇదే."

అంతటితో ఊరుకోలేదు. కింది ట్రేలో వేలెడు నీళ్లు పొయ్యమన్నాడు, కొవ్వు కారినా మంట లేవదట. కోడి కాళ్లకు ఎముక దాకా గాట్లు పెట్టమన్నాడు. షిఫ్టు వదిలేలోపే సగం కాల్చి ఉంచుకోమన్నాడు. ఆటోలోకి ఎక్కించేటప్పుడు గ్రిల్లుకు ఒక పక్క తనూ చెయ్యి వేశాడు. ఇంత తెలిసినవాడు షాపు మనిషి కాక ఇంకెవరవుతాడని కోటమ్మకు అనుమానం పోనే లేదు. దండం కూడా పెట్టకుండా ఆటో ఎక్కింది.

బండి పెట్టిన రోజు గేటు ముందు బొగ్గుల బండి జాడే లేదు. గ్యాసు పేరు వినే జడుసుకుని ఉంటాడని అచ్చెన్న మీసం మెలేశాడు.

రెండో వారంలో ఒక సాయంత్రం ఈదురుగాలి లేచింది. పక్కనున్న బజ్జీల బండి స్టవ్వు మూడుసార్లు ఆరింది. వీళ్ల మంట ఒక్కసారీ ఆరలేదు. షిఫ్టు వదిలిన జనమంతా వీళ్ల బండి చుట్టూ మూగారు. కోటమ్మకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంతటి మనిషిని ఎదురుగా నిలబెట్టి అంత మాట అన్నానే అని ఆ రాత్రంతా కుమిలిపోయింది.

మర్నాడు నాలుగు మంచి ముక్కలు కాల్చి, క్యారియరులో పెట్టుకుని షాపుకు వెళ్లింది. ఆ పెద్దాయన ఇల్లు ఎక్కడో చెబితే వెళ్లి కాళ్లకు మొక్కి వస్తానంది.

జయప్రకాశ్ క్యారియరు వైపు చూశాడు.

"రాజప్పనా? ఊరికి పోయినాడమ్మా, కావేరిపట్టణం పక్కకు. ఇంక ఈడికి రాడు."

"అదేటండి?"

"పొగ పడదని డాక్టరు చెప్పినాడంట. గ్యాసుకు మారదామని ఆ పొద్దు మీకంటే ముందే వచ్చి, ఆ నల్లదాన్నే ఎంచుకోని కూర్చోనుండె. ఉండింది అది ఒకటే. మీ మాటలు విని, వీళ్లు ఊరు గాని ఊరొచ్చినోళ్లు, నాకైతే ఊరుండాది, వాళ్లకే ఇచ్చేయప్పా అన్నాడు."

కోటమ్మ క్యారియరును బల్ల మీద పెట్టింది.

"మీరు బండి పెట్టినారే, ఆ గేటు ముందర పదైదేండ్లుగా బొగ్గుల మీద కోడి కాల్చింది ఆయప్పే కదమ్మా."