తీసేసిన లింకు

మధ్యాహ్నం ప్లాంటులో సంగటి డబ్బా మూత తీస్తుండగా యోగీశ్ ఫోను టింగుమంది.

గ్రూపులో మళ్లీ ఎవరో లింకు పెట్టారు.

“వీళ్లకి ఎన్నిసార్లు చెప్పినా అంతే,” అంటూ సంగటి వదిలేసి ఫోను అందుకున్నాడు.

యోగీశ్ బలసముద్రం సోలార్ ప్లాంటులో టెక్నీషియన్. సెలవు రోజుల్లో పెరట్లో కొలిమి రాజేసి కత్తులు చేస్తాడు. ఆ సరదా ఉన్నవాళ్ల కోసం వాట్సాప్ గ్రూపు పెట్టి మూడేళ్లయింది. నాలుగు వందల మంది ఉన్నారు.

ఒకసారి ఎవడో పెట్టిన దొంగ అంగడి లింకు నొక్కి పదిమంది మోసపోయారు. ఆనాటి నుంచి రూలు వచ్చింది. లింకు పెట్టేవాళ్లు అదేమిటో, ఎందుకో రెండు మాటలు రాయాలి. రాయకపోతే లింకు తీసేస్తారు. రెండోసారీ అదే పని చేస్తే మనిషినే తీసేస్తారు.

ఈసారి పెట్టింది నాగలమడిక శివప్ప. ఏడాదిగా నోరు విప్పని మెంబరు. లింకు కింద ఒక్క మాట లేదు, దండం పెట్టే చేతుల బొమ్మలు రెండు తప్ప.

దాని పైనే అరసికెరె ఆంజినప్ప పెట్టిన ఫోటో ఉంది. గోతాం నిండా తెల్ల పూత బోల్టులు.

“అన్నా, నీ వీడియోలో చెప్పినట్లే బోల్టులు తెచ్చినా. రేపు కాలుస్తా,” అని రాశాడు.

ప్లాంటులో పారేసిన బోల్టులతో కత్తి ఎలా చేయాలో చూపించే ఆ వీడియో యోగీశ్‌దే. గ్రూపులోకి ఎవరొచ్చినా మొదట కనబడేది అదే.

యోగీశ్ లింకు తీసేశాడు. తెరిచి చూడలేదు.

“ఏందన్నా తీసేస్తివి? నాకేమన్నా పెట్టినాడా?” ఆంజినప్ప అడిగాడు.

“నీకేం లేదులే. అంగడోళ్ల లింకు.”

“సరేన్నా.”

తర్వాత శివప్పకు విడిగా మెసేజి కొట్టాడు. “రూలు చదివినావా లేదా? ఇంకోసారి పెడితే బయటికి తోస్తా.”

జవాబుగా మళ్లీ రెండు దండాలు. వాటి కింద అదే లింకు.

మరు నిమిషం అది గ్రూపులోనూ వచ్చింది.

“ఎంత పొగరు చూడు!” అన్నాడు యోగీశ్.

పక్కన తింటున్న తోటి టెక్నీషియన్ ఎర్రప్ప తొంగిచూశాడు. “ఒకసారి తెరిచి చూడరాదాప్పా, ఏముండాదో.”

“అన్నీ తెరిచి చూసేదానికి నాకేం పని లేదా? రాయమన్నది రెండు మాటలు. అదీ చేతకాదంటే ఎట్ల?”

ఫోను మోగింది. శివప్ప నంబరే.

యోగీశ్ కట్ చేశాడు.

మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాడు.

“వాదించేదానికి ఫోన్ చేస్తాండాడు, దొంగనాయాలు.”

శివప్పను గ్రూపులోంచి తీసేశాడు. నంబరు బ్లాక్ చేశాడు. “రూలంటే రూలే. ఎవరికైనా ఇదే గతి,” అని అందరికీ కనబడేలా రాశాడు.

ముప్పై మంది బొటనవేళ్లు ఎత్తారు. వాటిని చూసుకుంటూ మిగిలిన సంగటి తిన్నాడు.

నాలుగోనాడు ఆంజినప్ప భార్య లక్ష్మక్క ఫోన్ చేసింది.

“యోగీశా, మా ఆయనకి ఊపిరి ఆడలేదప్పా. తుమకూరు ఆసుపత్రికి తెచ్చినాం.”

యోగీశ్ వెంటనే బస్సెక్కి వెళ్లాడు. ఆంజినప్ప మూతికి గొట్టాలు పెట్టి ఉన్నాయి. కళ్లు తెరవలేదు.

“ఏం కాల్చినాడు ఈయన?” డాక్టరు అడిగాడు.

“బోల్టులు సార్.”

“తెల్ల పూత ఉండేవేనా?”

“అవును సార్.”

“అది జింకు. ఆ పొగ ఊపిరితిత్తుల్లోకి పోయింది. యాడ కాల్చినాడు?”

లక్ష్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “రేకుల షెడ్డులో సార్. పక్కనే ఎండిన శెనక్కాయ కట్టె వామి ఉండాది. నిప్పురవ్వలు పడతాయని తలుపు మూసుకున్నాడు.”

“నేనూ కాల్చినా సార్, నాకేం కాలేదే?” అన్నాడు యోగీశ్.

“నువ్వు బయట గాలిలో కాల్చింటావు. ఈయనకు ముందే ఆయాసం ఉండాది. ఎవరు చెప్పినారయ్యా ఇట్లా చేయమని?”

లక్ష్మక్క యోగీశ్ వైపు చూడలేదు.

మరునాడు ఆంజినప్ప పోయాడు.

మట్టి చేసి వచ్చాక యోగీశ్ ఫోను తీసి ముందు తన వీడియోను తీసేశాడు. అప్పుడు శివప్ప గుర్తొచ్చాడు. విడిగా పంపిన లింకు ఇంకా అక్కడే ఉంది.

నొక్కాడు.

అంగడి కాదు. ఎవరో ఊపిరితిత్తుల డాక్టరు కన్నడంలో మాట్లాడుతున్నాడు. చేతిలో తెల్ల పూత బోల్టు. దీన్ని మంటలో పెట్టకండి, పెడితే ప్రాణం మీదికి వస్తుంది అంటున్నాడు. మొత్తం ఏడు నిమిషాలు.

యోగీశ్ అరుగు మీద కూలబడి, నంబరు బ్లాక్ తీసి ఫోన్ చేశాడు.

ఎవరో ఆడమనిషి ఎత్తింది. “ఎవరప్పా?”

“కత్తుల గ్రూపు యోగీశ్‌నమ్మా.”

“ఆ బోల్టుల ఫోటో పెట్టిన ఆయప్ప బాగుండాడా?” అని అడిగింది.

“లేడమ్మా. పోయినాడు.”

“అయ్యో దేవుడా! ఆ ఫోటో చూసినాక నాకు అన్నం దిగలేదప్పా. నీకు ఫోన్ చేస్తే ఎత్తకపోతివి.”

“లింకు ఏందో రెండు మాటలు రాసింటే...”

“నాకు చదవనూ రాయనూ రాదప్పా. పక్కింటి పాప ఆ ఒక్కటి పంపేది నేర్పిచ్చింది.”

యోగీశ్ కళ్లు తుడుచుకుని, “శివప్పన్నకి ఫోనియ్యమ్మా. కాళ్లు పట్టుకుని తప్పయిందని చెప్పుకుంటా,” అన్నాడు.

“యాడనించి ఇయ్యల్లప్పా,” అందామె మెల్లగా, “నీ వీడియో చూసి అందరికన్నా ముందు ఆ బోల్టులు కాల్చి, ఊపిరాడక పోయింది మా ఆయనే.”