మూత లేని బోరు

లాల్‌గడి మలక్‌పేట్ చుట్టూ బోరు బండ్లు ఆగకుండా తిరిగిన ఎండాకాలం అది.

పక్క చెలకవాడు లోతుగా వేయించాడు. బాలేష్ బోరు ఎండిపోయింది.

ఇంకోచోట కొత్త బోరు వేయించి, పాతదాని కేసింగు పైపు పీకి అందులో దించాడు. మిగిలిన గుంత మీద గోనెసంచి కప్పాడు.

ఓ పొద్దున ఆ గుంత దగ్గర కొత్త మనిషి కనబడ్డాడు. చేతిలో గడ్డపార.

"ఎవలు నువ్వు? మా చెల్కల ఏం జేస్తున్నవ్?" బాలేష్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"పైపు ఉన్నదా, తీసిన్రా అని చూస్తున్న తమ్మీ."

"పైపుల దొంగవన్నమాట."

అతను బాలేష్ వెనకాలే వచ్చిన పెళ్లాం వినోద వైపు తిరిగాడు. "ఇంట్ల చిన్నపిల్లలున్నరా చెల్లె?"

వినోద మొగుడి పక్కకు జరిగింది. "మా పిల్లతోని నీకేం పని? ఏమయ్యా, ఆ గడ్డపార గుంజుకో. మంచోని లెక్క లేడు."

బాలేష్ గడ్డపార లాక్కుని, అతన్ని రోడ్డు దాకా నెట్టుకుంటూ వెళ్లాడు.

మర్నాడు మధ్యాహ్నం వినోద కొత్త బోరు దగ్గర బట్టలు పిండుతోంది. తలెత్తి చూస్తే పక్కన ఆడుకుంటున్న బిడ్డ లత లేదు.

"లతా..."



దూరంగా తుమ్మకంపకు చిక్కుకుని గోనెసంచి కొట్టుకుంటోంది. గుంత మీది సంచే.

వినోద పరుగెత్తింది.

లత గుంత మీదే కూర్చుని ఉంది. కింద వెడల్పాటి బండరాయి.

బండ అంచుల చుట్టూ మెత్తిన మట్టి ఇంకా తడారలేదు. గట్టు నుంచి దాన్ని దొర్లించుకొచ్చిన జాడ నేల మీద ఉంది.

ఆ సాయంత్రమే మొగుడూ పెళ్లాం బిడ్డనెత్తుకుని, ఆ గడ్డపార మనిషిని వెతుక్కుంటూ శామీర్‌పేట రోడ్డు మీది మన్నాన్ చాయ్ హోటల్‌కు వెళ్లారు.

"గడ్డపార పట్టుకొని తిరిగే భిక్షమా? మా అరుగు మీదనే పండుకునేటోడు," అన్నాడు మన్నాన్. "ఇందాకనే పోయిండు భాయ్. యాడ బోరు ఎండిందని ఇంటే గాడికి పోతడు."

"మల్ల ఎప్పుడొస్తడు?"

"ఒక్కసారి మూసినంక ఆ ఊరికి మల్ల రాడు."

"ఇంతకీ ఎవలాయన?" అడిగింది వినోద.

"బోరు బండి నడిపేటోడు. మస్తు ఊర్లల్ల బోర్లు ఏసిండు. తన చెల్కల ఏసుకున్నది ఎండితే, పైపు పీకి మీ లెక్కనే ఇడిసిపెట్టిండు."

మన్నాన్ ఆమె చంకలోని లతను చూశాడు.

"ఆయన బిడ్డకు గూడ గింతే వయసుండె, ఆ బోరు గుంతల పడ్డనాడు."