చంపని కాయ

ఆ రోజు కూడా అతను పావని కాయను చంపలేదు.

కావలసిన అంకె పడింది. అయినా ఇంకో కాయ జరిపి ఊరుకున్నాడు.

అనకాపల్లి చేపల మార్కెట్లో బేరాలు మందగించినప్పుడు ఫోన్లో లూడో ఆడటం పావనికి అలవాటు. బ్రౌజర్లో ఊరికే దొరికే ఆట. ఎవరెవరో తగులుతారు, చంపుతారు, పోతారు. ఇతనొక్కడే ఆమె పేరు వెతుక్కుని మరీ వస్తాడు.

పావనీ చంపదు. మగవాడు సముద్రం మీదుండగా ఆటలోనైనా కాయను చంపకపోవడం ఆ ఇంటి ఆచారం.

"నా కొడుకు గుమ్మం తొక్కేదాకా ఒక్క కాయని సంపేవంటే నా మీద ఒట్టే!" అని అత్త కాసులమ్మ ముందే చెప్పింది.

ఆ కొడుకు నానాజీ గుజరాత్ బోటెక్కాడు. బోటు సరిహద్దు దాటింది. అవతలి దేశం జైల్లో జబ్బు పడ్డాడన్నదే ఆఖరి కబురు.

డిగ్రీ చదివిన పెళ్ళాం నానాజీకి నేర్పగలిగింది ఈ ఆట ఒక్కటే. అక్షరాలు అంటలేదు.

చాట్‌లో ఆ చంపని మనిషి ఇంగ్లీషు అక్షరాలతో ఏదో రాసేవాడు. ఏ భాష అని అడిగితే 'పష్తో' అన్నాడు.

"ఏటే ఆడి గోల?" అంది కాసులమ్మ, పండుగప్ప పొలుసులు గీరుతూ.

"సరసం అత్తా. బాస రాక తిట్టలేకపోతన్నాను."

తిట్టినా పద్ధతిగా తిట్టాలి కదా. పష్తో వ్యాకరణం మొదటి పాఠం తెరిచింది. నేను, నువ్వు, నాది, నీది. క్రియ మన తెలుగులో లాగే చివర్న వస్తుంది, వంటంతా అయ్యాక దిగే చుట్టంలా. రెండో పాఠం చుట్టరికాలు.

మర్నాడు అతను పొడుగ్గా ఒక వాక్యం రాశాడు. అందులో ఆమెకు తెలిసినవి రెండే మాటలు.

'స్తా ఖావంద్.' నీ మొగుడు.

పావనికి ఒళ్ళు మండింది.

"మొగుడున్నాడా అని ఆరా తీత్తన్నాడత్తా! మార్కెట్లో అడిగే ఎదవలు సాలరని, ఈడొకడు!"

"సంపీ ఆ సచ్చినోణ్ణి!" అనేసి, కాసులమ్మ నాలిక్కరుచుకుంది.

పావని వేలు అప్పటికే కదిలింది.

ఇంటి అంచుకు చేరిన అతని ఆఖరి కాయ మొదటికి పోయింది. అతను ఆట వదిలి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

వానలు పట్టాక ఖైదీల్ని వదిలారు. నానాజీతో బోటెక్కి, జైల్లోనూ తోడున్న కన్నబాబు నడిచి వచ్చాడు. నానాజీ పెట్టెలో వచ్చాడు.

దినాలు ముగిశాక కన్నబాబు గుమ్మంలో కూలబడ్డాడు.

"జైలాసుపత్రిలో ఓ పఠాన్ వార్డరు ఉండీవోడొదినా. దేవుడు. దొంగసాటుగా ఫోను తెచ్చీవోడు. అన్న పేరు రాత్తే, ఉర్దూలో రాత్తే పైవోళ్ళు పట్టేత్తారని, ఆడి పష్తో బాసలోనే నీకు రాసీవోడు."

పావని అడిగింది: "ఏటని?"

"'నీ మొగుడు నా పక్కనే ఉన్నాడు' అని."

కాసులమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది.

పావని అంది: "అంత మంచోడి కాయని సంపేసేను కన్నబాబూ. తప్పయిందని ఆడికి ఎలా సెప్పడం?"

కన్నబాబు తలెత్తలేదు.

"ఆడికి ఆ ఆటే రాదొదినా, ఫోను పట్టుకునీవోడంతే. 'మాయింట్లో కాయల్ని సంపరు' అనుకుంటా, వణికే వేలితో జరిపీవోడు మా నానాజన్నే."