గీత కలిసిన చోట

"ఈ ఫోటోతో లాభం లేదమ్మా. వేరే షాపులో చూపించుకోండి," అన్నాడు గీతల మాస్టారు.

టైలరమ్మ కదల్లేదు. పైగా కుర్చీ లాక్కుని కంప్యూటర్ పక్కనే కూర్చుంది.

"తిరగని షాపు లేదు బాబూ. అందరూ నీ పేరే చెప్పారు. ఎంత మసక ఫోటో అయినా నీ చేతిలో పడితే లేచి కూర్చుంటుందట."

ఆ మాట నిజమే. బోర్డులు, స్టిక్కర్లు, సమాధి రాళ్ల మీద చెక్కే ముఖాలు, ఏదైనా సరే, అతను కంప్యూటర్లో గీతలు గీసే పెన్ టూల్ పట్టుకుని గీస్తే వంక పెట్టడానికి ఉండదు. అసలు పేరు జనం ఎప్పుడో మర్చిపోయారు. గీతల మాస్టారనే పేరే మిగిలింది.

ఆ ఫోటో ఒక దుకాణం కెమెరాకు దొరికింది. ధారగా వాన. ఒక కారు. దాని ముందు మూలకు అడ్డంగా కరెంటు స్తంభం. కింది అంచున ఒరిగిపోయిన సైకిలు చక్రం. సైకిలు టైలరమ్మ భర్తది. వెనక కూర్చున్న ఈవిడ బతికింది. తొక్కుతున్న ఆయన బతకలేదు. కారు ఒక్క క్షణం ఆగి, వెళ్లిపోయింది. ఇది జరిగి నెల రోజులు.

మాస్టారు ఆ చక్రం మీంచి చూపు తిప్పుకున్నాడు.

"శనివారం లోగా కారు ఆచూకీ తెలియకపోతే ఫైలు మూసేస్తారట," అంది టైలరమ్మ. "స్పష్టమైన బొమ్మ ఒకటి ఉంటే గోడ గోడకీ అంటిస్తాను. ఆయన్ని అలా వదిలేసి పోయినవాడు ఎవడో నాకు తెలియాలి. నువ్వు గీసేటప్పుడు మాత్రం నేను నోరు విప్పను. నేను పక్కనుండి చెప్పి గీయించానంటే చెల్లదన్నారు ఇన్‌స్పెక్టరు గారు. నీ కంటికి కనబడింది నువ్వు గీయి."

ఇక తప్పేలా లేదు. మాస్టారు ఫోటోను తెర మీద అడుగున పరిచి, లేత చేసి, దాని మీద గీయడం మొదలుపెట్టాడు. నొక్కితే ఒక చుక్క. నొక్కి లాగితే గీత వంగుతుంది. కొత్తవాళ్లు ఒక్క వంపుకే ఇరవై చుక్కలు పెట్టి గీతను గతుకుల రోడ్డు చేస్తారు. మాస్టారు రెండింటితో సరిపెడతాడు.

"మేం చంక వంపు తీసేదీ ఇలాగే," అంది టైలరమ్మ, నోరు విప్పనన్న సంగతి మర్చిపోయి. "చేయి వణికిందా, చొక్కా గోవిందా." అని, అతని ముఖం వంక చూసింది. "అలా పీక్కుపోయావేంటి బాబూ?"

"పొద్దుట్నుంచి ఏమీ తినలేదమ్మా."

"నిద్ర కూడా పోయినట్టు లేవు."

"ఈ మధ్య పట్టడం లేదు."

పైకప్పు వచ్చింది. తలుపు వచ్చింది. వెనక అద్దం వచ్చింది. మసకలో ఉన్నంతసేపూ అది ఏ కారైనా కావచ్చు. చుక్క పడేకొద్దీ ఒకే ఒక్క కారవుతోంది. తెరలోంచి తన మీదికి వస్తున్నట్టనిపించి మాస్టారు కుర్చీ రెండుసార్లు వెనక్కి జరిపాడు. భయం వేసింది. పట్టపగలు, వీధిలో జనం తిరుగుతుండగా, పక్కన మనిషి కూర్చుని ఉండగా భయం వేసింది.

ఏదో ఒకటి గీకి ఈవిడను పంపేస్తే పోలేదా అనుకున్నాడు. తలుపు గీతను కాస్త లావు చేశాడు. చూడబుద్ధి కాలేదు. మళ్లీ సరిచేశాడు. ఇరవై ఏళ్లుగా తిరిగిన చేయి అది, వంకర గీత గీయమంటే దాని వల్ల కాదు.

అలా గీస్తూ గీస్తూ స్తంభం దాకా వచ్చాడు. ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. గీత చుట్టూ తిరిగి వచ్చి మొదటి చుక్కలో కలవాలి. కలవకపోతే బొమ్మ మూసుకోదు. మధ్యలో ఏది అడ్డమొచ్చినా గీత ఆగకూడదు. మాస్టారు పనిలో పడి ఒళ్లు మరిచాడు. బంపరు వంపు తిప్పాడు. దీపం పెట్టాడు. దాని మీద మూడు అడ్డగీతలు లాగాడు. మొదటి చుక్క మీద నొక్కాడు. గీత కలిసింది. లోపల రంగు నిండింది.

అడుగునున్న ఫోటో తీసేశాడు. తెల్లటి తెర మీద కారు ఒక్కటే నిలబడింది.

టైలరమ్మ కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుని ముందుకు వంగింది. చాలాసేపు చూసింది. "ఇదే. ఇదే ఆ కారు," అంది.

మాస్టారు మౌసు వదిలేశాడు. తల తిప్పకుండానే, "ప్రింటు తీయమంటారా అమ్మా?" అన్నాడు.

"తీద్దువుగాని, తొందరేముంది," అంటూ ఆవిడ తెర మీద దీపం దగ్గర వేలు పెట్టింది.

"స్తంభం అవతల రోడ్డు మీద పడి ఉన్నాను కాబట్టి పగిలిన దీపానికి అంటించిన ఈ మూడు టేపు ముక్కలూ నేను చూశాను, మరి నువ్వెక్కడ చూశావు బాబూ?"