నాలుగో పక్క

ఈ కథలో ఒక్క పొల్లు మాట ఉన్నా నా చేతికర్ర నడిమికి విరిగిపోవాలి. అంత నిజం.

ఫోటోలకు ఫ్రేములు కట్టే మేస్త్రి ఒకాయన ఉండేవాడు. వయసు నలభై దాటింది. వీధి వీధంతా ఆయన్ని మూడుపక్కలాయన అనేది.

ఎందుకంటే ఏ ఫ్రేముకైనా మూడు పక్కలు చకచకా బిగించేవాడు. నాలుగోది అందుకోబోతే ఇంకో ఫ్రేము గుర్తొచ్చేది. దాన్ని ఎత్తుకుంటే అద్దం కోయాలని గుర్తొచ్చేది. అద్దం కోస్తుంటే పొద్దున ఏమీ తినలేదని గుర్తొచ్చేది. అప్పటికి సాయంత్రమయ్యేది.

కొట్టు గోడనిండా మూడు పక్కల ఫ్రేములే, పళ్ళూడిన నోళ్ళలా.

కొట్టున్న గది బావగారిది. ఆయన ఒకరోజు వచ్చి గోడ చూశాడు.

"మీ అక్క మొహం చూసి ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. వచ్చే నెలకి ఇవన్నీ పూర్తికాకపోతే ఇక్కడ చెప్పుల కొట్టు పెట్టిస్తా."

"చెప్పులైతే రెండే కదా బావా, తొందరగా పూర్తవుతాయి."

మేస్త్రి పైకి నవ్వాడు గానీ, బావగారు వెళ్ళగానే గోడమీది ఫ్రేములు లెక్కపెట్టుకున్నాడు. ఆ పని తప్ప ఆయనకు ఇంకో పని రాదు.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"ఇది కొత్తగా వచ్చింది కాదు, చిన్నప్పటినుంచీ ఉన్నదే. మనసు ఒక పనిమీద నిలవదు, ఏడీహెచ్‌డీ అంటారు," అని ఆవిడ ఒక మాత్ర రాసింది. "పొద్దున్నే కడుపుకింత తినండి."

"మరి విటమిన్లూ అవీ?"

"రక్తపరీక్షలో ఏదైనా తక్కువని తేలితే అప్పుడు చూద్దాం."

అప్పటిదాకా ఆగితే ఆయన మూడుపక్కలాయన ఎందుకవుతాడు? చేపనూనె గుళికలు, జింకు, మెగ్నీషియం, నోరు తిరగని పేర్లవి ఇంకొన్ని తెచ్చి బల్లమీద వరసగా నిలబెట్టాడు. చేపనూనె ఎంత మింగాడంటే, వీధిలో పిల్లులు ఆయన వెనకే నడిచేవి.

ఆ వారమే ఒక పెద్దావిడ కొట్టు ముందు ఆగింది. కిటికీలోంచి గోడకేసి చాలాసేపు చూసింది. మర్నాడు లోపలికొచ్చి, అంటించిన కవరొకటి ఇచ్చింది.

"పాత ఫోటో నాయనా, వెలుతురు తగిలితే పాడైపోతుంది. కవరు కొలతకే ఫ్రేము కట్టు. నాలుగు పక్కలూ అయ్యాకే విప్పు."

"రేపు రండి పెద్దమ్మా."

వచ్చింది. మూడు పక్కలే అయ్యాయి.

"పోనీలే, కూర్చుంటా," అని స్టూలు లాక్కుని, సంచీలోంచి ఉడకబెట్టిన గుడ్లు రెండు తీసింది. "ఒక్కదాన్నే తింటే గొంతు దిగదు. ఒకటి నువ్వు తిను."

"నేను గుళికలు వేసుకున్నా పెద్దమ్మా."

"గుళికకి గుడ్డేమైనా అడ్డమా?"

తిన్నాడు. ఆవిడ ఊలు, సూదులు బయటికి తీసింది.

"ఈ స్వెట్టరు మా మనవడు పుట్టినప్పుడు మొదలుపెట్టా. వాడికిప్పుడు మీసాలొచ్చాయి."

ఆవిడ అల్లుతోంది. ఆయన సుత్తి అందుకున్నాడు. మధ్యాహ్నానికి ఒక ఫ్రేముకు నాలుగో పక్క పడింది.

ఇక రోజూ అదే వరస. గుడ్డు, సూదులు, సుత్తి.

"నాది చివర్న కట్టు, నాకేం తొందర లేదు," అనేది. ఒకరోజు గొడుగు, ఒకరోజు కళ్ళజోడు మర్చిపోయి వెళ్ళేది. వయసు మీదపడింది పాపం అనుకునేవాడు మేస్త్రి.

నెల తిరిగేసరికి గోడమీద మూడు పక్కలది ఆవిడదొక్కటే మిగిలింది. బావగారు తెల్లబోయాడు.

"ఏం మందు వేశావోయ్?"

"చేపనూనె బావా."

మర్నాడు ఆవిడ వచ్చి అల్లిక అందుకోగానే ధీమాగా చెప్పాడు.

"ఇంక మీరు రోజూ శ్రమపడి రావద్దు పెద్దమ్మా. నాకు గుళికలు బాగా పట్టాయి. మీ ఫ్రేము అవగానే కబురు చేస్తా."

సూదులు ఆగాయి.

"రావద్దంటావా?"

"ఎండలో ఎందుకని."

"అంతేలే నాయనా."

అల్లిక సంచీలో పెట్టి లేచి వెళ్ళిపోయింది. సంచీ మర్చిపోయింది.

ఆ తర్వాత గుళికలు అవే, మాత్ర అదే. గుడ్డు కూడా తనే ఉడకబెట్టుకున్నాడు. అయినా గోడమీద మూడు పక్కలు మళ్ళీ మొలిచాయి. ప్రతి మేకుకీ ఒకసారి తలెత్తి స్టూలు వైపు చూసేవాడు. కబురు చేస్తానన్నాడు గానీ, ఆవిడ ఇల్లెక్కడో ఏనాడూ అడగలేదు.

చివరికి స్టూలు ఎదురుగా జరుపుకుని, దానిమీద ఆవిడ సంచీ కూర్చోబెట్టి, దానితో కబుర్లాడుతూ ఆవిడ ఫ్రేముకు నాలుగో పక్క బిగించాడు. కవరు విప్పాడు.

లోపల తెల్ల అట్టముక్క. ఫోటో లేదు.

సరిగ్గా అప్పుడే ఆవిడ కూతురు గుమ్మంలోకి వచ్చింది.

"మా అమ్మ రిటైరైన నర్సండీ. మీలాంటి వాళ్ళు కనిపిస్తే ఏదో వంకన పక్కన కూర్చుని, దారిలో పెట్టి వస్తుంది. ఇప్పుడు నా దగ్గరే ఉంది, కులాసాగా ఉంది."

మేస్త్రి ప్రాణం కుదుటపడింది.

కర్ర ఇంకా విరగలేదేమని చూస్తున్నారా? నాకసలు చేతికర్రే లేదు. పిల్లులు నిజం. కూతురే అబద్ధం. ఆయన్ని ఆ అట్టముక్కతో వదిలి వెళ్ళడానికి మనసొప్పక నేనే పంపించాను.

ఎవరూ రాలేదు. ఆయన ఇప్పటికీ రోజూ రెండు గుడ్లు ఉడకబెడతాడు, ఒకటి స్టూలు మీద పెడతాడు.

ఇంటి జాడ ఏమైనా దొరుకుతుందేమోనని ఒకరోజు ఆ సంచీ విప్పి చూశాడు. ఒక చెయ్యి అల్లకుండా మిగిలిపోయిన స్వెట్టరు, దాని అడుగున సగం వాడిన మాత్రల పట్టీ ఉన్నాయి. డాక్టరమ్మ తనకు రాసిచ్చిన మాత్రే.