కిటికీ దగ్గర అమ్మాయి

"ఈ ముక్కు మీది కాదమ్మా," అన్నాడు నగర మ్యూజియం అధికారి, బొమ్మకేసీ ఆవిడకేసీ మార్చి మార్చి చూస్తూ.

"నలభై ఏళ్ళు ఆ మనిషితో కాపురం చేసి చూడండి, మీ ముక్కు మీకు మిగులుతుందేమో," అంది పెద్దావిడ.

గదిలో ఉన్న గుమాస్తాలు నవ్వు దాచుకోవడానికి కాగితాల మీదికి వంగారు.

పెద్దావిడ భర్త పళ్ళ డాక్టరు. ఊళ్ళో సగం దవడలు ఆయన చేతిలో పడ్డవే. సంపాదించినదంతా బొమ్మలు కొనడానికే తగలేశాడు. గోడలు నిండిపోయాక అవి తలుపుల వెనక్కి పాకాయి, అక్కణ్ణించి వంటింట్లోకి. పోతూ పోతూ అన్నిటినీ నగరానికి రాసిపోయాడు. కూతురు లబోదిబోమంది. అల్లుడు వకీలుతో మాట్లాడి వచ్చాడు. పెద్దావిడ మాత్రం తొణకలేదు. వాటి దుమ్ము దులిపి దులిపి తన భుజాలు అరిగిపోయాయనీ, నగరానికి అంత ముచ్చటగా ఉంటే ఇకమీదట వాళ్ళనే దులుపుకోమనీ అంది. కానీ బొమ్మలన్నీ మ్యూజియానికి చేరాక, ఒక్కటి మాత్రం తిరిగి ఇచ్చేయమంది.

నీలం శాలువా కప్పుకుని, కిటికీ దగ్గర నిలబడి, ఎవరో పిలిస్తే మెడ తిప్పినట్టున్న అమ్మాయి బొమ్మ అది. డాక్టరు మంచానికి ఎదురుగా ఉండేది. ఎవరు గీశారో, ఎవర్ని చూసి గీశారో దానిమీద ఎక్కడా లేదు.

అది తన బొమ్మేనంది పెద్దావిడ. పెళ్ళికి ముందు ఆయనే గీయించి తన చేతిలో పెట్టారనీ, తన వస్తువును ఊరికి దానం చేసే హక్కు ఆయనకెక్కడిదనీ అడిగింది.

అధికారికి ప్రాణం మీదికొచ్చింది. ఆ మొత్తం సేకరణలో కళ్ళు నిలిచే బొమ్మ అదొక్కటే. మిగతావాటిలో సగం పడవలు, సగం పళ్ళెంలో పళ్ళు. ప్రారంభోత్సవం ఆహ్వానాల మీద ఆ అమ్మాయినే అచ్చు వేయించాడు. ఊళ్ళో గోడలన్నిటి మీదా ఆ అమ్మాయే మెడ తిప్పి చూస్తోంది. ఇప్పుడు వెనక్కి ఇమ్మంటే ఎలా ఇస్తాడు?

వ్యవహారం కోర్టుకెక్కింది.

బొమ్మలో అమ్మాయివి తేనెరంగు కళ్ళు, ఈవిడవి నల్లనివి అన్నాడు నగరం తరఫు వకీలు. ఆయన కొన్న పడవలన్నీ చూసి చూసి నల్లబడ్డాయంది పెద్దావిడ. ఆ అమ్మాయి మెడ మీద పుట్టుమచ్చ ఉంది కదా, మీకేదీ అన్నాడు వకీలు. ఇక్కడే ముడతల్లో ఎక్కడో ఉంటుంది, ఓపికుంటే వెతుక్కోమంది. వకీలు ఓపిక లేదని ఒప్పుకుని కూర్చున్నాడు.

జడ్జిగారు నవ్వలేదు. ఆవిడకేసి తిరిగి, నెమ్మదిగా అడిగారు.

"అన్నీ వదిలేసుకున్నారు. ఈ ఒక్కదాని కోసం ఎందుకమ్మా ఇంత పట్టుదల?"

 పెద్దావిడ చేతిలోని రుమాలును మెలితిప్పింది.

"రాత్రి కళ్ళు మూసుకునే ముందు ఆయన ఆ బొమ్మనే చూసేవారండీ. పొద్దున్న లేస్తూనే మళ్ళీ దాన్నే. అంత ప్రేమగా ఇంట్లో ఇంకే వస్తువునీ చూడలేదు. ఆ చూపు నా ఇంట్లోది. టికెట్టు కొన్నవాళ్ళందరి ముందూ నేను దాన్ని పెట్టలేను."

జడ్జిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అమ్మ నోట అలాంటి మాట ఎన్నడూ వినని కూతురు వెక్కివెక్కి ఏడ్చింది. తీర్పు దాకా వెళ్ళే అవసరం రాలేదు. మ్యూజియం అధికారి తనే లేచి, ఆ బొమ్మ మీద నగరానికి ఏ హక్కూ అక్కర్లేదని చెప్పేశాడు.

ఆహ్వానాలు మళ్ళీ అచ్చయ్యాయి, ఈసారి పళ్ళెంలో పళ్ళతో. పళ్ళ డాక్టరు సేకరణకి పళ్ళ బొమ్మ భలే కుదిరిందని ఊరు మెచ్చుకుంది.

అధికారి స్వయంగా బొమ్మను దుప్పట్లో చుట్టి తెచ్చి, పడగ్గదిలో పాత మేకుకే తగిలించాడు. వెళ్తూ వెళ్తూ, ముక్కు విషయంలో తనదే పొరపాటన్నాడు. కూతురు అమ్మను వాటేసుకుని, నాన్నకి నీ మీద ఇంత ప్రేమ ఉందని ఇన్నాళ్ళూ తెలియలేదంది. పెద్దావిడ దాని వీపు నిమిరి, మొగుడు ఆకలితో ఉంటాడు, ఇంటికెళ్ళమంది.

అందరూ వెళ్ళాక గడియ వేసింది. కుర్చీ లాక్కుని బొమ్మకి ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు చెప్పవే, ఎవరు నువ్వు?"