కరెంటు లేని ఇంట్లో ఫ్యాను

"ఈ టేబుల్ ఫ్యాను ఎవరిది?" అన్నాడు బియ్యం కార్డుల తనిఖీకి వచ్చిన సారంగపాణి.

సమ్మమ్మ చేతిలోని నూలు కండె కింద పెట్టి లేచి నిలబడింది. "నాదే సారు."

"ఈ కుట్టుమిషను?"

"అది గూడ నాదే."

"ట్రాన్సిస్టరు? గోడ గడియారం? గీ రెండు బస్తాల సన్నబియ్యం?"

"అన్నీ నావే సారు."

ఎదురింటి గుమ్మంలో నిలబడి వింటున్న అనసూయ తలుపు వారకు జరిగింది. ఆ సామానంతా ఆమెది.

రెండు రూపాయలకు కిలో బియ్యం అనగానే కొత్తవాడలో ఉన్నవాళ్లు కూడా రాత్రికి రాత్రే బీదవాళ్లయిపోయారు. అనసూయ భర్త మల్లికార్జున్‌కు బట్టల దుకాణముంది. తన దుకాణంలో తానే గుమాస్తానని రాయించి కార్డు సంపాదించాడు. సార్లు ఇల్లిల్లూ తిరుగుతున్నారని, సామాను కనబడితే ఎర్రగీతతో కార్డు కొట్టేస్తున్నారని ఈ పొద్దున తెలిసింది. అనసూయ కొంగు బిగించింది. పేర్లు చెక్కించిన ఇత్తడి, స్టీలు గిన్నెలన్నీ రిక్షాలో మడికొండ పుట్టింటికి పంపించింది. పేర్లు లేని సామాను ఎదురుగా ఉన్న సమ్మమ్మ గుడిసెలో పెట్టించింది. "ఎవలన్న అడిగితే నీవేనని చెప్పు" అంటే, "గట్లనే అమ్మా" అంది సమ్మమ్మ. జంపఖానాల మగ్గాలకు కండెలు చుట్టి ముగ్గురు పిల్లల్ని సాకుతున్న మనిషి. ఆ గుడిసెలో చూడటానికి ఏముంటుందని సార్లు పోతారు, అనుకుంది అనసూయ.

సారంగపాణి కాసేపటి కిందటే అనసూయ ఇల్లు చూశాడు. నులకమంచం, రెండు సొట్టల గిన్నెలు తప్ప ఏమీ కనబడలేదు. "అయ్యో పాపం" అని, ముద్ర వేసి ఇస్తానంటూ ఆమె కార్డు తీసి సంచిలో పెట్టుకున్నాడు. ఆ తర్వాత నేరుగా గుడిసెలోకి పోయాడు.

"ఇంట్ల కరెంటు లేదు గని ఫ్యాను ఉన్నది. అంటే రేపో మాపో కరెంటు గూడ పెట్టించుకునే తాహతు ఉన్నదన్నట్టే" అంటూ సారంగపాణి ఎర్రసిరా పెన్ను తీశాడు. "నీ అసొంటోళ్ల వల్లనే లేనోళ్లకు బియ్యం అందుతలేవు. కార్డు ఇటు తే."

సమ్మమ్మ చూరులోంచి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన కార్డు తీసింది. ఇచ్చేముందు ఒకసారి అనసూయ వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. తాను సరిగ్గానే చెప్పానా అని అడుగుతున్నట్టుంది.

ఆ చూపుకు అనసూయకు తల కొట్టేసినట్టయింది. ఈ బియ్యం రాకముందు సమ్మమ్మ పొద్దుగూకేసరికి గిన్నె పట్టుకుని పెరటి గుమ్మం దగ్గరికి వచ్చేది. "గంజి ఉంటే జర పొయ్యమ్మా, పోరగాండ్లు ఏడుస్తాండ్రు" అనేది. బియ్యం వచ్చినప్పటి నుంచి రావడం మానేసింది. మళ్లీ రేపటి నుంచి వస్తుంది.

"లోపలికి రా" అన్నాడు వెనక నుంచి మల్లికార్జున్ పళ్లు బిగించి. "నోరు విప్పినవంటె మన కార్డు పోతది. నలుగుర్ల ఇజ్జత్ పోతది."

"ఇంకెక్కడి ఇజ్జత్?" అంది అనసూయ.

తేలు కుట్టిన దొంగలా ఇంతసేపు నిలబడిన మనిషి ఒక్క అంగలో వీధి దాటింది. అప్పటికే సారంగపాణి సమ్మమ్మ కార్డు మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్రగీత గీస్తున్నాడు.

"ఆగుండ్రి సార్! ఆ సామాను నాది."

సారంగపాణి తలెత్తాడు. "మీదా?"

"అన్నీ నావే. తనిఖీకి భయపడి పొద్దున నేనే తెచ్చి ఈడ పెట్టిన. మాకు దుకాణమున్నది సార్. కొట్టేసేదుంటే మా కార్డు కొట్టెయ్యిండ్రి. ఆమె పిల్లల నోటికాడి కూడు తియ్యకుండ్రి."

వాడకట్టు జనమంతా చూస్తున్నారు. సిగ్గుతో ఆమె మొహం మండిపోతోంది. అయినా నిజం చెప్పాక గుండె తేలికైంది.

సారంగపాణి సమ్మమ్మ వైపు తిరిగాడు. "నిజమేనా?"

సమ్మమ్మ అనసూయ కళ్లలో నీళ్లు చూసింది. ఆమె వెనకే వచ్చి నిలబడిన మల్లికార్జున్ ఉరిమి చూడటమూ చూసింది. పొద్దున ఇచ్చిన మాట నిలుపుకోవాలో, ఇప్పుడామె చెప్పిన మాట ఒప్పుకోవాలో అర్థంకాక తల వంచుకుంది.

"లేదు సారు. నావే."

మల్లికార్జున్ రెండు చేతులూ జోడించాడు. "మా ఇంటామెది మెత్తటి మనసు సార్. ఎవలన్న ఏడిస్తే తట్టుకోదు. మా ఇల్లు మీరే చూస్తిరి గద. గీ సామాను మాకెక్కడిది?"

"అబద్ధం సార్! ఒట్టు, నా మాట నమ్ముండ్రి!" అంది అనసూయ ఏడుస్తూ.

సారంగపాణి ఎర్రగీత పడిన కార్డు సమ్మమ్మ చేతిలో పెట్టాడు. సంచిలోంచి అనసూయ కార్డు తీసి, ముద్ర వేసి, రెండు చేతులతో ఆమెకు అందించాడు. అతని కళ్లు చెమ్మగిల్లాయి.

"ఇంట్ల సరిగ్గ రెండు గిన్నెలు లేకున్నా, పక్కోళ్ల పిల్లల కోసం మీ కార్డు ఇడిచిపెడ్త అంటాండ్రు. మీ అసొంటోళ్ల కోసమే తల్లీ, సర్కారు ఈ బియ్యం ఇస్తాంది."